డైస్ ఎవరు వేయాలి? స్పెల్ డీసీల మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒకరు కథ నడిపిస్తే మిగతావాళ్ళు పాత్రలై డైస్ వేస్తూ ఆడే ఆట) ఆడేవాళ్ళని రూల్స్ డౌట్లు రాయమని అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే చోట చిక్కుకున్నాయి, స్పెల్ (అంటే మంత్రం) వేసినప్పుడు ఏ నంబర్ అందుకోవాలి (దాన్నే డీసీ అంటాం), ఆ నంబర్ ఎక్కడినుంచి వచ్చింది, డైస్ ఎవరి చేతిలో ఉండాలి అని. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే. నేను 2014లో వచ్చిన ఫిఫ్త్ ఎడిషన్ రూల్స్ పట్టుకుని చెప్తున్నా, 2024 సవరణలో మారినవి ఉంటే అక్కడక్కడే చెప్పేస్తా.

ప్రశ్న: అన్నా, హనుమకొండలో ఐదుగురం ఆడుతున్నాం, మొదలుపెట్టి రెండు నెలలైంది. నేను విజార్డ్‌ని (మంత్రగాడి పాత్ర), ఇప్పుడే ఐదో లెవెల్‌కి వచ్చా, ఫైర్‌బాల్ అనే మూడో లెవెల్ స్పెల్ తీసుకున్నా. మా డీఎం (ఆట నడిపించే డంజన్ మాస్టర్) ఏమంటాడంటే ప్రతి స్పెల్‌కీ ముందు నేను డీ20 (ఇరవై ముఖాల డైస్) వేయాలంట, ఒకటో లెవెల్ స్పెల్‌కి 11 రావాలి, రెండో లెవెల్‌కి 12, ఫైర్‌బాల్‌కి 13, రాకపోతే స్లాట్ (రోజుకి ఇన్నే అని ఉండే స్పెల్స్ కోటాలో ఒకటి) పోయినట్టే. పోయిన సెషన్‌లో రెండు ఫైర్‌బాల్స్ వేస్తే రెండూ తుస్సుమన్నాయి. పెద్ద మంత్రం కాబట్టి కష్టం ఉండాలి కదా అంటాడు. నిజంగా రూల్ ఇదేనా?

జవాబు: కాదు తమ్ముడూ. ఫిఫ్త్ ఎడిషన్‌లో స్పెల్ వేయడానికి డైసే లేదు. నీకు ఆ స్పెల్ వచ్చు, స్లాట్ ఉంది, నోరు ఆడుతోంది, చెయ్యి ఖాళీగా ఉంది, కావాల్సిన సామాను ఉంది, అంతే, స్పెల్ పడింది. పెద్ద మంత్రం కష్టంగా ఉండాలి అన్న మీ డీఎం మాటలో తప్పేం లేదు, కానీ ఆ కష్టాన్ని ఆట స్లాట్ రూపంలో ముందే వసూలు చేసేసింది. ఐదో లెవెల్ విజార్డ్‌కి మూడో లెవెల్ స్లాట్లు రెండే రెండు, ఆర్కేన్ రికవరీ అనే విజార్డ్ శక్తితో ఇంకొకటి వెనక్కి తెచ్చుకున్నా రోజు మొత్తానికి మూడు ఫైర్‌బాల్స్. ఒకసారి టికెట్ కొన్నాక గేటు దగ్గర మళ్ళీ డబ్బులు అడిగితే ఎలా ఉంటుందో మీ టేబుల్ మీద అలా ఉంది.

స్పెల్ పడ్డాక ఏం జరుగుతుంది అన్నదగ్గర మాత్రమే డైస్ వస్తుంది, అదీ మూడు దార్లలో. కొన్ని స్పెల్స్‌కి నువ్వే డైస్ వేస్తావ్, ఫైర్ బోల్ట్ లాంటివి, డీ20కి ప్రొఫిషియన్సీ బోనస్ (లెవెల్‌తో పెరిగే నైపుణ్యం), ఇంటెలిజెన్స్ మోడిఫైయర్ (తెలివి స్కోరు వల్ల కలిసే పాయింట్లు) కలిపి ఎదుటివాడి ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలడానికి కావాల్సిన నంబర్) అందుకోవాలి. కొన్నిటికి ఎదుటివాడు వేస్తాడు, ఫైర్‌బాల్ ఆ రకం. కొన్నిటికి ఎవరూ వేయక్కర్లేదు, మ్యాజిక్ మిసైల్ చూడు, తగలడమే తప్ప తప్పడం లేదు, డ్యామేజ్ డైస్ మాత్రమే వేస్తావ్.

ఎదుటివాడు తప్పించుకోవడానికి వేసే డైస్‌ని సేవ్ అంటారు, అందులో వాడు అందుకోవాల్సిన నంబరే నీ స్పెల్ సేవ్ డీసీ. 8, దానికి నీ ప్రొఫిషియన్సీ బోనస్, దానికి నీ ఇంటెలిజెన్స్ మోడిఫైయర్ కలుపు. నీది ఐదో లెవెల్ కాబట్టి ప్రొఫిషియన్సీ 3, ఇంటెలిజెన్స్ 18 ఉందనుకుంటే మోడిఫైయర్ 4, మొత్తం 15. గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడికి డెక్స్టెరిటీ (చురుకుదనం) సేవ్ ప్లస్ 2, అంటే డైస్ మీద 13 గానీ పైన గానీ పడాలి, ఇరవైలో ఎనిమిది ముఖాలు, 40 శాతం. పడినా సగం డ్యామేజ్ తప్పదు, 8డీ6కి, అంటే ఆరు ముఖాల డైస్ ఎనిమిదింటికి, సగటున 28, అందులో సగం 14, గోబ్లిన్ దగ్గర ఉండేది 7 హిట్ పాయింట్లే (ప్రాణం లెక్క). ఆగర్ అనే పెద్ద రాక్షసుడైతే డెక్స్టెరిటీ మైనస్ 1, తప్పించుకునేది నాలుగుసార్లలో ఒకసారే, కానీ దానికి 59 హిట్ పాయింట్లు కాబట్టి ఒక్క ఫైర్‌బాల్‌కి పడిపోదు.

ఇప్పుడు మీ డీఎం పెట్టిన రోల్ కూడా ఇందులో కలిపి చూడు. డైస్ మీద 13 రావడానికి 40 శాతం, ఆ తర్వాత గోబ్లిన్ తప్పించుకోకపోవడానికి 60 శాతం, రెండూ గుణిస్తే 24. అంటే నీ ఫైర్‌బాల్ పూర్తిగా తగిలేది నాలుగింట్లో ఒకటి కూడా కాదు, పక్కన ఫైటర్ మాత్రం ప్రతి టర్న్ కత్తి తిప్పుకుంటూ ఉంటాడు, వాడికి అయిపోయే స్లాట్లు లేవు.

మీ డీఎంకి ఆ 11, 12, 13 ఎక్కడ దొరికాయో నాకు తెలిసిపోయింది. 10కి స్పెల్ లెవెల్ కలిపే లెక్క రూల్‌బుక్‌లో నిజంగానే ఉంది, కానీ అది వేరే పనులకి. ఒకరి స్పెల్‌ని మధ్యలో ఆపాలన్నా, పడి ఉన్న స్పెల్‌ని తీసేయాలన్నా, నీ స్థాయికి మించిన స్క్రోల్ (మంత్రం రాసిన కాగితం చుట్ట) చదవాలన్నా అది వస్తుంది. ఇది బాగా గుర్తుపెట్టుకో, కింద ఉత్తరాల్లో కూడా ఇది వస్తుంది: 8తో మొదలయ్యే లెక్క మంత్రగాడి బలం, 10తో మొదలై స్పెల్ లెవెల్ కలిసే లెక్క ఆ మంత్రం మొండితనం. రెండూ ఒకదానిలో ఒకటి కలిపేస్తేనే గొడవలు. ఆట మధ్యలో ఎత్తకు, వచ్చే సెషన్‌కి ముందు టీ తాగుతూ పుస్తకం తెరిచి చూపించు, రెండు నెలలుగా అందరికోసం కథ తయారుచేస్తున్న మనిషి, వినకుండా ఉండడు.

ప్రశ్న: నేను విజయవాడలో డీఎంని. మా గ్రూప్‌లో ఒకాయన పాత 3.5 ఎడిషన్ ఆడి వచ్చాడు. తొమ్మిదో లెవెల్ విజార్డ్. మనిషిని కదలకుండా పట్టేసే హోల్డ్ పర్సన్ స్పెల్‌ని ఐదో లెవెల్ స్లాట్‌తో వేసి, పెద్ద స్లాట్ వాడాను కాబట్టి డీసీ పెరగాలి అని గట్టిగా పట్టుబట్టాడు. పుస్తకంలో నాకు దొరకలేదు, ఆయన సీనియర్ కాబట్టి ఆరోజుకి సరే అన్నాను. ఎవరు కరెక్ట్?

జవాబు: మీరే కరెక్టండీ, అయితే ఆయన కూడా గాల్లోంచి తెచ్చి చెప్పలేదు. 3.5లో సేవ్ డీసీ అంటే 10, దానికి స్పెల్ లెవెల్, దానికి ఎబిలిటీ మోడిఫైయర్. ఇంటెలిజెన్స్ 20 ఉన్న విజార్డ్ ఒకటో లెవెల్ స్పెల్ వేస్తే 16, ఐదో లెవెల్ స్పెల్ వేస్తే 20. ఉన్న స్పెల్‌నే పై లెవెల్‌కి లేపి డీసీ పెంచుకోవడానికి హైటెన్ స్పెల్ అని ఒక ఫీట్ (పాత్ర ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) కూడా ఉండేది. ఆయన చేతికి ఆ అలవాటు పోలేదు, అంతే.

దానికన్నా వెనక్కి వెళ్తే ఇంకోలా ఉండేది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన మొదటి ఆటలో తప్పించుకునే నంబర్ దెబ్బ తినేవాడి క్లాస్ (పాత్ర రకం), లెవెల్ బట్టి ఒక పట్టికలో ఉండేది, మంత్రం వేసినవాడు ఎంత తెలివైనవాడన్నది ఆ పట్టికకి పట్టేది కాదు. 2000లో థర్డ్ ఎడిషన్ వచ్చి ఆ బరువుని మంత్రగాడి వైపు తిప్పింది, 2014లో ఫిఫ్త్ ఎడిషన్ స్పెల్ లెవెల్‌ని ఆ లెక్కలోంచి తీసేసింది. ఇప్పుడు ఆయన తొమ్మిదో లెవెల్ విజార్డ్‌కి ప్రొఫిషియన్సీ 4, ఇంటెలిజెన్స్ 20 ఉంటే 5, ఎనిమిదితో కలిపి 17, ఒకటో లెవెల్ స్పెల్ వేసినా 17, ఐదో లెవెల్ వేసినా 17.

మరి పెద్ద స్లాట్ ఎందుకు వాడినట్టు అంటే స్పెల్ చివర్లో రాసి ఉంటుంది చూడండి. హోల్డ్ పర్సన్‌కి రెండో లెవెల్ పైన ప్రతి స్లాట్ లెవెల్‌కీ ఇంకో మనిషిని పట్టుకోవచ్చు, ఐదో స్లాట్ అంటే మొత్తం నలుగురు, వాళ్ళు ఒకరికొకరు 30 అడుగుల లోపు ఉంటే చాలు. ఒక్క డీసీ మీద నలుగురు బందిపోట్లు విజ్డమ్ సేవ్ వేయడం చిన్న విషయం కాదు, ఆయనకి అలా చెప్పి చూడండి.

నాకైతే ఈ మార్పు చాలా ఇష్టం. పాత లెక్కలో పై లెవెల్‌కి పోయాక కింది స్పెల్స్ డీసీలు వెనకబడిపోయి అవి పేజీల్లోనే ఉండిపోయేవి, ఇప్పుడు పదిహేనో లెవెల్ విజార్డ్ కూడా ఒకటో లెవెల్ స్పెల్‌ని నమ్మకంగా వేయగలడు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం, ఆరుగురు ఫ్రెండ్స్, శనివారం రాత్రి ఆడతాం. పోయిన వారం కౌంటర్‌స్పెల్ (అవతలివాడి మంత్రాన్ని మధ్యలో ఆపే మంత్రం) దగ్గర పెద్ద గొడవ. విలన్ ఏడో లెవెల్ స్పెల్ వేశాడు, మా సోర్సరర్ (ఇంకో రకం మంత్రగత్తె పాత్ర) మూడో లెవెల్ స్లాట్‌తో కౌంటర్‌స్పెల్ వేసి డైస్ మీద 20 కొట్టింది. డీఎం ఏమో ఎబిలిటీ చెక్‌లో (డీ20కి ఎబిలిటీ మోడిఫైయర్ కలిపి చూసే రోల్) న్యాచురల్ 20 (డైస్ మీదే 20 పడడం) అంటే ఆటోమేటిక్ సక్సెస్ కాదు అన్నాడు, సగం మంది అవునన్నారు సగం మంది కాదన్నారు, పదకొండున్నర దాకా అదే. ఇంకోటి, ప్రొఫిషియన్సీ కలపాలా వద్దా? మూడోది, విలన్ ఏ స్పెల్ వేస్తున్నాడో డీఎం ముందే చెప్పాలా?

జవాబు: ముందు ఆ న్యాచురల్ 20 సంగతి. రూల్ ప్రకారం మీ డీఎం చెప్పింది నిజమే, ఇరవై పడితే తప్పకుండా తగలడం, ఒకటి పడితే తప్పకుండా తప్పడం అనేవి 2014 రూల్స్‌లో ఎటాక్ రోల్స్‌కే. కానీ ఒక్క నిమిషం లెక్క వేసి ఉంటే పదకొండున్నర దాకా కూర్చునే అవసరమే ఉండేది కాదు. కౌంటర్‌స్పెల్ డీసీ 10 ప్లస్ స్పెల్ లెవెల్, స్పెల్స్‌లో అన్నిటికన్నా పెద్దది తొమ్మిదో లెవెల్, అంటే డీసీ ఎప్పటికీ 19 దాటదు. డైస్ మీదే 20 పడ్డాక దానికి మోడిఫైయర్ కలిపితే ఏ స్పెల్ అయినా ఆగినట్టే, మీ విషయంలో అయితే డీసీ 17. ఒకటి పడిందనుకోండి, అసలు చెక్ దాకా వచ్చే చిన్న స్పెల్ నాలుగో లెవెల్, డీసీ 14, ఒకటికి ప్లస్ 5 కలిపినా 6, ఎటూ పోదు. కాబట్టి ఆటోమేటిక్ అన్నవాళ్ళదీ కాదన్నవాళ్ళదీ టేబుల్ మీద ఒకటే ఫలితం. ఆ అమ్మాయి స్పెల్ ఆపింది. ఇంకా ఆ సీన్ వెనక్కి తిప్పే అవకాశం ఉంటే ఆ విలన్ స్పెల్ తీసేయండి, ఆ క్షణం ఆమెకి రావాల్సింది.

ప్రొఫిషియన్సీ కలపకూడదు. అక్కడ రాసింది స్పెల్‌కాస్టింగ్ ఎబిలిటీతో చెక్ అని, సోర్సరర్‌కి అది కరిష్మా, ఆ మోడిఫైయర్ ఒక్కటే. కరిష్మా 18 ఉంటే ఐదో లెవెల్ స్పెల్ మీద డైస్‌లో 11 రావాలి, సరిగ్గా 50 శాతం, తొమ్మిదో లెవెల్ మీద 15 రావాలి, 30 శాతం. ఇందులో మినహాయింపులు ఇద్దరికి, పాటగాడి పాత్ర బార్డ్‌కి జాక్ ఆఫ్ ఆల్ ట్రేడ్స్ అనే శక్తి వల్ల ప్రొఫిషియన్సీలో సగం వస్తుంది, రక్షణ మంత్రాల్లో ఆరితేరిన ఎబ్జురేషన్ విజార్డ్‌కి పదో లెవెల్ నుంచి మొత్తం వస్తుంది. ఆపాల్సిన స్పెల్ మూడో లెవెల్ గానీ అంతకన్నా చిన్నది గానీ అయితే చెక్కే లేదు, నేరుగా ఆగిపోతుంది. పెద్ద స్లాట్ పెట్టి కౌంటర్‌స్పెల్ వేస్తే ఆ స్లాట్ లెవెల్ దాకా ఉన్నవన్నీ అలాగే ఆగిపోతాయి.

మూడో ప్రశ్న దగ్గర నేను కొంచెం ఆగుతా, ఎందుకంటే ఆటలో అసలు టెన్షన్ అక్కడే పుడుతుంది. కౌంటర్‌స్పెల్ వేయాలంటే 60 అడుగుల లోపల ఎవరో స్పెల్ వేస్తున్నట్టు నీకు కనిపించాలి, అంతవరకే రాసి ఉంది, అది ఏ స్పెల్, ఏ లెవెల్ అని తెలియాలని ఎక్కడా లేదు. 2017లో వచ్చిన అదనపు రూల్స్‌లో ఒక పద్ధతి పెట్టారు, రియాక్షన్ (వేరేవాళ్ళ టర్న్‌లో కూడా చేయగలిగే పని) ఖర్చుపెట్టి ఆర్కానా (మంత్రవిద్య జ్ఞానం) చెక్ వేస్తే, డీసీ 15 ప్లస్ స్పెల్ లెవెల్, గుర్తుపట్టొచ్చు, అదే క్లాస్ వాళ్ళ స్పెల్ అయితే ఎడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం) కూడా. చిక్కు ఎక్కడంటే రియాక్షన్ రౌండ్‌కి ఒక్కటే, గుర్తుపట్టడానికి వాడేస్తే ఆపడానికి మిగలదు. కొన్ని గ్రూపుల్లో ఒకరు గుర్తుపట్టి అరిచి చెప్తే ఇంకొకరు ఆపుతారు, నాకు అది చూడ్డానికి చాలా బావుంటుంది, ఇద్దరు ప్లేయర్లు కళ్ళతో మాట్లాడుకున్నట్టు ఉంటుంది.

నేను డీఎంగా కూర్చున్నప్పుడు "వాడు చేతులు పైకెత్తి ఏదో మంత్రం మొదలుపెట్టాడు" అని రెండు క్షణాలు ఆగుతా, ఎవరూ రియాక్షన్ అనకపోతేనే స్పెల్ పేరు చెప్తా. ప్లేయర్లు స్పెల్ వేసినా ఇదే న్యాయం, వాళ్ళు స్పెల్ పేరు చెప్పేశారు కదా అని నా విలన్ తెలివిగా కౌంటర్ చేయడు, వాడు వేయాలనుకుంటే పేరు వినకముందే వేయాలి. మీరు ఏ పద్ధతి పెట్టుకున్నా రెండు వైపులా ఒకేలా ఉండాలి, ఆటకి ముందే చెప్పుకోవాలి. చిన్నప్పుడు క్యారమ్స్‌లో రెడ్ వేశాక ఫాలో పడకపోతే ఏం చేయాలో మా వీధిలో ఒకలా, పక్క వీధిలో ఒకలా ఉండేది, కాయిన్స్ పేర్చేటప్పుడే అడిగేసేవాళ్ళం.

2024 పుస్తకంతో ఆడుతుంటే పైన చెప్పిన లెక్క మొత్తం పక్కన పెట్టేయండి. ఇప్పుడు కౌంటర్‌స్పెల్ పడ్డవాడే కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దారుఢ్యం) సేవ్ వేస్తాడు, మీ సేవ్ డీసీ మీద, ఫెయిలైతే వాడి స్పెల్ పోతుంది, యాక్షన్ వృథా, కానీ స్లాట్ మాత్రం వాడికి మిగులుతుంది. అంటే మంత్రం మొండితనం లెక్కలోంచి పోయి మంత్రగాడి బలం లెక్కలోకి వచ్చింది, ఏడో లెవెల్ స్పెల్ అయినా ఒకటో లెవెల్ అయినా ఒకటే నంబర్. నాకు సగం నచ్చింది సగం నచ్చలేదు. స్లాట్ మిగలడం న్యాయంగా ఉంది, కష్టపడి దాచుకున్న పెద్ద స్పెల్ ఒక్క రియాక్షన్‌తో ఆవిరైపోతే ప్లేయర్ మొహం చూడలేం. కానీ తొమ్మిదో లెవెల్ మంత్రం ముందు నిలబడి డైస్ నీ చేత్తో విసిరే ఆ గుండెదడ పోయింది, ఇప్పుడు డైస్ అటువైపు పడుతుంది.

ప్రశ్న: నమస్తే అండీ, నాది కర్నూలు, క్లెరిక్ (పూజారి పాత్ర) ఆడతాను. బ్లెస్ (మనవాళ్ళకి సాయం చేసే మంత్రం) వేసి కాన్‌సన్‌ట్రేషన్ (మంత్రం నిలవడానికి పెట్టే ధ్యాస, దెబ్బ తగిలితే అది నిలవడానికి సేవ్ వేయాలి) పట్టుకుని ఉన్నాను. ఒకే రౌండ్‌లో మూడు తోడేళ్ళు కరిచాయి, 12, 14, 12 డ్యామేజ్. డీఎం మొత్తం 38 అని కూడి, సగం 19 కాబట్టి డీసీ 19 మీద ఒక సేవ్ వేయమన్నారు, పోయింది. నా కాన్‌స్టిట్యూషన్ సేవ్ ప్లస్ 2 మాత్రమే. నాకు అన్యాయం జరిగిందనిపిస్తోంది.

జవాబు: రూల్ తప్పిందమ్మా, అందులో సందేహం లేదు. డ్యామేజ్ పడ్డ ప్రతిసారీ విడిగా సేవ్, డీసీ 10 గానీ ఆ ఒక్క దెబ్బలో సగం గానీ, ఏది ఎక్కువైతే అది. మీకు పడ్డవి 12, 14, 12, సగాలు 6, 7, 6, మూడూ పదికి లోపే, కాబట్టి డీసీ 10 మీద మూడు సేవ్‌లు వేయాలి. సగం లెక్క పదిని దాటాలంటే ఒకే దెబ్బ 22 పడాలి, 21 పడినా కిందికి రౌండ్ చేస్తారు కాబట్టి పదే.

అయితే ఎంత నష్టపోయారో కూడా లెక్క చూద్దాం. డీసీ 19 మీద ప్లస్ 2తో మీకు 17 గానీ పైన గానీ పడాలి, 20 శాతం. డీసీ 10 మీద 8 పడితే చాలు, 65 శాతం, కానీ మూడుసార్లూ నిలవాలి కదా, 65ని మూడుసార్లు గుణిస్తే 27 శాతం చిల్లర. తేడా ఉంది గానీ మీరు అనుకున్నంత లేదు. ఇంకో సంగతి చెప్పనా, దెబ్బలు చిన్నవైతే మీ డీఎం పద్ధతే మీకు లాభం. 4, 5, 3 పడ్డాయనుకోండి, ఆయన కూడితే 12, సగం 6, డీసీ 10 మీద ఒక్క సేవ్, 65 శాతం, రూల్ ప్రకారం అయితే మూడు సేవ్‌లు, అదే 27 శాతం. అందుకే ఈ ఆటలో మంత్రగాడిని భయపెట్టేది ఒక పెద్ద దెబ్బకన్నా వరసగా పడే చిన్న దెబ్బలు, చీమలు పట్టినట్టు. ఈ లెక్క ఆయనకి చూపించి రూల్ ప్రకారం పోదాం అనండి, మీ లాభం కోసం అడుగుతున్నట్టు ఉండదు.

ఇంతకీ బ్లెస్ ముగ్గురి మీద వేయొచ్చు కదా, అందులో మీరు ఉన్నారా? చాలామంది క్లెరిక్స్ ముందు వరస ఫైటర్లకి పంచేసి తమని తాము మర్చిపోతారు. బ్లెస్ ఇచ్చే డీ4 ఎటాక్‌లకే కాదు సేవ్‌లకి కూడా, ఆ బ్లెస్‌ని నిలబెట్టుకునే కాన్‌సన్‌ట్రేషన్ సేవ్‌కి కూడా. మీ మీద కూడా వేసుకుంటే 65 కాస్తా 77 దాటుతుంది. తర్వాత ఫీట్ తీసుకునే లెవెల్ వస్తే వార్ కాస్టర్ చూడండి, కాన్‌సన్‌ట్రేషన్ సేవ్ రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవచ్చు, ఒక్క సేవ్ 88 శాతం దగ్గరికి వస్తుంది, మూడు వరసగా పడ్డా 68 దాకా నిలుస్తారు.

నేను ఒకసారి డీఎంగా ఉండి తుఫాన్‌లో పడవ సీన్ నడిపించా, అలలు కొట్టినప్పుడు డీసీ 10 సేవ్ పెట్టొచ్చని పుస్తకంలోనే ఉంది. నేనేమో అల పెద్దది అని 15 పెట్టా, మా డ్రూయిడ్ స్పెల్ పోయి అందరూ నీళ్ళలో పడ్డారు, సెషన్ అయ్యాక ఆ అమ్మాయి పుస్తకం తెరిచి పేజీ నా ముందు పెట్టి ఏం మాట్లాడకుండా వెళ్ళిపోయింది. తర్వాతి వారం అందరి ముందూ తప్పు నాదే అని చెప్పి ఆ సీన్ మళ్ళీ ఆడించా. డీఎం చెప్పిన నంబర్ తప్పైతే వెనక్కి తీసుకోవచ్చు, దాంతో డీఎం మీద నమ్మకం పెరుగుతుందే గానీ తగ్గదు.

ప్రశ్న: మూడో లెవెల్ విజార్డ్‌ని, ఫైర్‌బాల్ స్క్రోల్ దొరికింది. చదవొచ్చా?

జవాబు: చదవొచ్చు. మీరింకా మూడో లెవెల్ స్పెల్స్ వేయలేరు కాబట్టి ఇంటెలిజెన్స్ చెక్, డీసీ 10 ప్లస్ 3, అంటే 13. ఇంటెలిజెన్స్ 16 ఉంటే డైస్ మీద 10 పడాలి, 55 శాతం. పోతే స్క్రోల్ మీద అక్షరాలు మాయం, మళ్ళీ ఛాన్స్ లేదు. ఇక్కడ చాలామంది చూడనిది ఒకటుంది, చదవగలిగితే శత్రువులు దాటాల్సింది మీ డీసీ 13 కాదు, ఆ స్క్రోల్‌కి రాసిపెట్టిన డీసీ 15. మీకన్నా అది రాసిన పెద్దాయన గట్టివాడు. నన్నడిగితే మంచి సమయం చూసి వాడేయండి, దాచుకుని దాచుకుని కథ అయిపోయాక ఏం చేసుకుంటాం.

ప్రశ్న: కవచం వేసుకుంటే స్పెల్ ఫెయిలయ్యే శాతం ఎంత? ఒక ఫ్రెండ్ ఫుల్ ప్లేట్‌కి 35 శాతం అంటున్నాడు.

జవాబు: అది 3.5 లెక్క, అక్కడ నిజమే. ఫిఫ్త్ ఎడిషన్‌లో శాతాలు లేవు, ఆ కవచంలో ప్రొఫిషియన్సీ (వాడే శిక్షణ) ఉంటే హాయిగా వేయొచ్చు, లేకపోతే అసలు స్పెల్సే వేయలేరు.

ప్రశ్న: నేను డీఎంని, హైదరాబాద్. మా వాళ్ళు నేల జారేలా చేసే గ్రీజ్ స్పెల్ వేసి దానికి నిప్పు పెడతాం అంటారు ప్రతిసారీ. నూనె మండదా అంటారు. ఏ డీసీ పెట్టాలి?

జవాబు: డీసీ పెట్టేముందు స్పెల్ ఏం చేస్తుందని రాసి ఉందో చూడండి. వెబ్ స్పెల్‌లో ఆ సాలెగూడు మండుతుంది అని స్పష్టంగా ఉంది, ఎంత డ్యామేజో కూడా ఉంది. 2014 గ్రీజ్‌లో మండుతుందని ఎక్కడా లేదు, 2024లో అయితే మండని గ్రీజ్ అని రాసేశారు, అంటే ఈ గొడవ మీ ఒక్క టేబుల్‌ది కాదని అర్థమవుతోంది. ఒకటో లెవెల్ స్పెల్‌తో నేలా జారాలి, నిప్పూ రావాలి అంటే పక్కనున్నవాడు పై స్లాట్ పెట్టి కొనుక్కున్న నిప్పుకి విలువ లేకుండా పోతుంది, కాబట్టి నేను వద్దంటా.

కానీ వద్దు అని అక్కడితో వదిలేయకండి. నిజం నూనె డబ్బా ఎవరి సంచిలోనైనా ఉంటే అది పోసి నిప్పు పెట్టనివ్వండి. స్పెల్‌లో రాయని చిన్న చిన్న పనులకి, ఉదాహరణకి మేజ్ హ్యాండ్ అనే మాయ చేత్తో కాపలావాడి నడుం నుంచి తాళాలు చప్పుడు లేకుండా తీయడం లాంటివాటికి మాత్రం డీసీ పెట్టొచ్చు, తేలికైతే 10, మామూలైతే 15, కష్టమైతే 20. ఆ నంబర్ డైస్ పడకముందే బయటికి చెప్పేయండి. డైస్ చూశాక నంబర్ తేల్చే డీఎం ఎంత మంచివాడైనా ప్లేయర్లకి ఎక్కడో అనుమానం మిగిలిపోతుంది.

ప్రశ్న: మా మేనకోడలికి పదేళ్ళు, సెలవులకి విశాఖ వస్తే నేనే కూర్చోబెట్టి నేర్పిస్తున్నా. ముచ్చటపడి విజార్డ్ తీసుకుంది. ఒకటో లెవెల్, డీసీ 13. తను స్పెల్ వేసిన ప్రతిసారీ రాక్షసుడు సేవ్ చేసేస్తే "మామయ్యా, నా మంత్రం పని చేయట్లేదు" అని కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంటోంది. డీసీ పెంచేయనా?

జవాబు: పెంచకండి, పిల్లలు పసిగట్టేస్తారు, మామయ్య కావాలని ఓడిపోయాడని తెలిస్తే ఇంకా బాధపడుతుంది. సేవ్ ప్లస్ 3 ఉన్న దాని మీద డీసీ 13 అంటే ఆ రాక్షసుడు 55 శాతం తప్పించుకుంటాడు, అంటే సగానికి పైగా తనకి ఏమీ జరగనట్టే ఉంటుంది, పెద్దవాళ్ళకే విసుగొస్తుంది.

స్పెల్స్ మార్చండి. మ్యాజిక్ మిసైల్ ఇవ్వండి, మూడు బాణాలు, ఒక్కోటి 1డీ4 ప్లస్ 1, తప్పడం అనేదే లేదు, డైస్ తన చేత్తోనే వేస్తుంది. బర్నింగ్ హ్యాండ్స్ కూడా పెట్టండి, సేవ్ అయినా సగం డ్యామేజ్ పడుతుంది కాబట్టి ఉత్తచేతులతో మిగలదు. 2014 పుస్తకం వాడుతుంటే స్లీప్ ఇంకా మంచిది, 5డీ8 తనే వేసి కూడుకుంటుంది, తక్కువ హిట్ పాయింట్లు ఉన్నవాళ్ళ నుంచి ఒక్కొక్కరూ పడిపోతారు, రాక్షసుడికి సేవ్ అన్న మాటే లేదు, కూడికలు కూడా వచ్చేస్తాయి. 2024లో స్లీప్‌కి విజ్డమ్ సేవ్ పెట్టారు, అది చూసుకోండి.

ఇంకోటి చేయండి. రాక్షసుడి సేవ్ డైస్ తెర వెనక వేయకుండా తన ముందే వేయండి, వేసేముందు "వీడికి 10 పైన పడితే తప్పించుకుంటాడు, 9 లోపు పడితే నీకు దొరికిపోతాడు" అని చెప్పండి. అప్పుడు ఆ డైస్ దొర్లుతున్నంతసేపూ తను కూడా ఆటలో ఉంటుంది, పడొద్దు పడొద్దు అని అరుస్తుంది. మా ఇంట్లో అష్టాచెమ్మా ఆడేటప్పుడు అవతలివాళ్ళ గవ్వలు బోర్లా పడాలని మేం అరిచే అరుపులకి అమ్మమ్మ వంటింట్లోంచి వచ్చి చూసేది. మీ మేనకోడలు ఈసారి వచ్చినప్పుడు ఏ స్పెల్‌తో ఏం చేసిందో మళ్ళీ రాయండి.